పిక్క పట్టేసిందనుకున్నాం

పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ చేశారు. తీసిన తిత్తిని బయాప్సీకి పంపితే క్యాన్సర్ అని వచ్చింది. స్కాన్‌లో కాలేయంలోనూ మచ్చలు. జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ కీమో మొదలుపెట్టారు. వాంతులు, నోటిపూత, అందరూ పడేవే నేనూ పడ్డాను.

మూడో సైకిల్ అయిన వారానికి ఎడమ పిక్క పట్టేసింది. కాస్త వాచింది కూడా. నరం పట్టిందని మావారు రెండు పూటలా నువ్వుల నూనె కాచి మర్దన చేశారు.

మూడో రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి వెళ్లొచ్చి మంచం మీద కూర్చున్నానో లేదో, ఊపిరి అందలేదు. గాలి పీలిస్తే కుడి డొక్కలో సూదులు. గుండె దడదడ. పక్కింటివాళ్ల కారులో ఆస్పత్రికి పరుగెత్తాం. డ్యూటీ డాక్టరు ఈసీజీ చూసి, "గ్యాస్ అమ్మా. కీమోవాళ్లకి టెన్షన్ ఎక్కువ" అని ఇంజెక్షన్ రాసి వెళ్లిపోయాడు. మావారు "సరే సర్" అన్నారు. ఆ "సరే"కి నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఇంజెక్షన్ చేయడానికొచ్చిన సిస్టర్ నా వేలికి క్లిప్పు పెట్టింది. ఆక్సిజన్ 85. కీమోకి గోళ్లు నల్లబడ్డాయి, అందుకని తప్పు చూపిస్తోందేమోనని వేలు మార్చింది. అరచేతుల మధ్య రుద్ది వెచ్చబరిచి మళ్లీ పెట్టింది. 84. నైటీ కాస్త పైకి జరిపి కాళ్లు చూసింది. ఎవర్నీ అడక్కుండా ఆక్సిజన్ మాస్కు తగిలించి, పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి, "వాపు ఒక్క కాలికే ఉంది సర్" అంది.

సీటీలో రెండు ఊపిరితిత్తుల్లోనూ రక్తం గడ్డలు. పిక్కలో కట్టిన గడ్డ తెగి పైకి వెళ్లిందట. క్యాన్సరే రక్తాన్ని గడ్డకట్టిస్తుందట, దానికి సిస్‌ప్లాటిన్ తోడట. పచ్చి కూరగాయలు తినొద్దని కూడా చెప్పినవాళ్లకి, కాలు వాస్తే వెంటనే రమ్మని చెప్పడానికి నోరు రాలేదా? మర్దన చేయకూడదని విన్న రోజు నుంచి మావారు ఆ నూనె సీసా ముట్టుకోలేదు. ఆయన్ని నేనేమీ అనలేదు, అనలేను.

రక్తం గడ్డకట్టకుండా పొట్టలో పొద్దునా సాయంత్రం ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్లు మావారే నేర్చుకుని చేశారు. పొట్టంతా నేరేడుపండు రంగు మచ్చలు. ఇప్పుడు మాత్రలే. ఒక్క కాలే వాస్తే రుద్దకండి, కాలి రక్తనాళాల్లో గడ్డ ఉందేమో చూసే డాప్లర్ స్కాన్ తీయించమని గట్టిగా అడగండి.

మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకున్నాను. మెట్లెక్కే ఓపిక లేక కారులోనే కొండెక్కి పానకం పోయించాం. తిరిగొస్తూ పూతరేకులు కొనుక్కుని సిస్టర్ కోసం వెళ్తే, ఆమె ఉద్యోగం మానేసి వెళ్లిపోయిందన్నారు. పేరు అడిగితే, ఆ రాత్రి ఎవరున్నారో చూడాలన్నారు.