హాడ్లీ కోట మీద తెల్ల చుక్కలు

ఇంగ్లీషు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ వేసిన హాడ్లీ కోట (ఇంగ్లండ్‌లో శిథిలమైన ఒక కోట) చిత్రాన్ని ఫోన్‌లో చూస్తే దుమ్ము పట్టినట్టుంటుంది. దుమ్ము కాదది, తడి గడ్డి మీద పడ్డ వెలుగు. బ్రష్ చాలక పాలెట్ కత్తితో (రంగులు కలిపే పల్చటి కత్తి) తెలుపు ముద్దగా అద్దాడు. ఇలాంటి చుక్కల్నే అప్పటి విమర్శకులు మంచు అనీ, సున్నం అనీ వెక్కిరించారు.

1814లో అక్కడ గీసుకున్నది చిన్న పెన్సిల్ స్కెచ్. 1828 నవంబరులో భార్య మరియా పోయింది. ఆ స్కెచ్ అప్పుడు బయటికొచ్చింది, దాన్నుంచి వేసిన పెద్ద చిత్రం 1829లో లండన్‌లోని రాయల్ అకాడమీ కళా ప్రదర్శనలో గోడకెక్కింది. దానికి ముందు దాదాపు అదే కొలతలో, సుమారు నాలుగడుగుల ఎత్తున, నూనె రంగుల్లోనే ఒక నమూనా వేశాడు. అది లండన్‌లోని టేట్ గ్యాలరీలో ఉంది, అసలుది అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో. నమూనాదే పైచేయి అంటాను, గాలి అందులోనే ఎక్కువ.

తెలుపు ముద్దగా అద్దే ఈ పద్ధతి నూనె రంగులతో ప్రయత్నిస్తే అడుగు పొరలో నూనె తక్కువ వాడి, ఆరాకే తెలుపు పెట్టండి. పచ్చిగా ఉండగా పెడితే తెలుపు బురదవుతుంది. అడుగున నూనె ఎక్కువైతే పైపొర ముందే ఆరి పగులుతుంది.