మామయ్య ఇచ్చిన కాకిబంగారం, నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు

నెల్లూరులో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్. ప్రాజెక్టు టైటిల్ చదివి వినిపిస్తే మా నాన్న, "దీంట్లో తెలుగు ముక్క ఒక్కటన్నా ఉందా?" అన్నాడు. విషయం మాత్రం ఇంటర్‌లో అందరం చదివిన అధిశోషణమే, అంటే ఒక పదార్థం ఇంకోదాని పైపొరకు అంటుకోవడం. గాజైనా, రాయైనా నీళ్లలో పెడితే దాని పైపొరకు ఎంతో కొంత విద్యుదావేశం వస్తుంది. ఆవేశం ఉన్నచోట విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ప్రోటీన్ వచ్చి అంటుకోవడంలో ఆ క్షేత్రం పని ఎంత అన్నది నేను చూడాలి. ఎముకలో బిగించే టైటానియం స్క్రూ మీదికి మన కణాల కంటే ముందు చేరేవి రక్తంలోని ప్రోటీన్లే కాబట్టి ఇది ఊరికే పుస్తకాల గొడవ కాదు.

ప్రోటీన్ లైసోజైమ్, కోడిగుడ్డు తెల్లసొనలో ఉండేది. పీహెచ్ 11 దాకా దానికి ధనావేశమే ఉంటుంది. గాజుది రుణావేశం. ఇంకేం, అంటుకోక ఏం చేస్తుందిలే అనుకున్నా. రెండు సెంటీమీటర్ల గాజు పలకను బీకరులో వేసి, ద్రావణంలో ప్రోటీన్ ఎంత తగ్గిందో ప్రోటీన్ తగిలితే నీలంగా మారే బ్రాడ్‌ఫోర్డ్ రంగుతో, 595 నానోమీటర్ల కాంతి దగ్గర చూశా. తగ్గింది! సంతోషంగా మా గైడ్ మేడమ్‌కు గ్రాఫ్ చూపించా.

"బ్లాంక్ పెట్టావా?" అన్నారు.

పెట్టలేదు. పలక లేకుండా ఒట్టి బీకరులో పోసి చూస్తే ప్రోటీన్ దాదాపు అంతే తగ్గింది. అప్పుడు కూర్చుని లెక్క వేశా. ఒక పొరగా అంటుకునే ప్రోటీన్ చదరపు మీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు. నా పలక రెండు వైపులా కలిపి ఎనిమిది చదరపు సెంటీమీటర్లు, అంటే ఒకటి రెండు మైక్రోగ్రాములు. తడిసిన బీకరు గోడ దానికి ఎన్నో రెట్లు. పది రోజులు నేను కొలిచింది బీకరునన్నమాట. పైగా రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో, తెలిసిన మోతాదులు కొలిచి గీసిన స్టాండర్డ్ గ్రాఫ్ మీద లైసోజైమ్ చదివాను. ఈ రెండింటికీ ఆ రంగు ఒకే లెక్కన రాదు. ఆ రాత్రి హాస్టల్లో అన్నం సయించలేదు.

బీకర్లు మానేసి ప్లాస్టిక్ డబ్బాలకు మారాను. ఇక కావాల్సింది తక్కువ బరువులో ఎక్కువ వైశాల్యం. అప్పుడు గుర్తొచ్చాడు సైదాపురం మామయ్య. ఒకప్పుడు మైకా, అంటే కాకిబంగారం గనిలో పనిచేశాడు. ఫోన్ చేస్తే, "ఏందమ్మాయ్, ఎమ్మెస్సీ చదివి కాకిబంగారంతో ఆడుకుంటావా?" అని నవ్వాడు. ఆదివారం బస్సెక్కి వెళ్తే న్యూస్ పేపరులో చుట్టి పెట్టి ఉంచాడు. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న మన వైపు మైకా.

దీని అందం లోపల ఉంది. మైకా పొరల్లో కొన్ని సిలికాన్‌ల చోట అల్యూమినియం కూర్చుని ఉంటుంది, అందువల్ల పొరకు రుణావేశం. పొరల మధ్య పొటాషియం అయాన్లు చేరి దాన్ని సరిపెడతాయి. బ్లేడుతో చీల్చి నీళ్లలో వేస్తే పైనున్న పొటాషియం నీళ్లలోకి పోతుంది, రుణావేశం బయటపడుతుంది. ఐదు సెంటీమీటర్ల పలకలు ఇరవై చీల్చితే వెయ్యి చదరపు సెంటీమీటర్లు. మామయ్య చీల్చినంత పల్చగా నాకు ఎప్పుడూ రాలేదు, వేళ్లు మాత్రం తెగాయి.

అయినా అనుకున్నంత అంటుకోలేదు. ఇంకో రెండు వారాలు పోయాయి. తప్పు బఫర్‌లో, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణంలో ఉంది. ల్యాబ్‌లో ఎప్పుడూ వాడే ఉప్పు కలిసిన ఫాస్ఫేట్ సెలైన్‌నే అలవాటుగా వాడాను. ఉప్పు అయాన్లు పలక చుట్టూ మూగి క్షేత్రాన్ని కప్పేస్తాయి. 150 మిల్లీమోలార్ గాఢత ఉన్న ఉప్పులో ఒక నానోమీటరు కూడా దాటకముందే అది మూడో వంతుకు పడిపోతుంది. లైసోజైమ్ పొడవే నాలుగున్నర నానోమీటర్లు. ఒక మిల్లీమోలార్‌లో అయితే అదే క్షేత్రం పది నానోమీటర్ల దాకా సాగుతుంది. ఇస్కపల్లి ఉప్పు కయ్యలు చూస్తూ పెరిగినదాన్ని, ఉప్పు సంగతే మర్చిపోయా.

పీహెచ్ 7 దగ్గరే ఉంచి, ఉప్పు ఒక్కటే మారుస్తూ పోయా. తక్కువ ఉప్పులో బాగా అంటుకుంది, పెంచేకొద్దీ తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. ఆల్బుమిన్‌దీ రుణావేశమే కాబట్టి అసలు రాదనుకున్నా, అదీ కాస్త వచ్చింది. అంటుకోవడానికి క్షేత్రం ఒక్కటే కారణం కాదని మేడమ్ ముందే చెప్పారు. పీహెచ్‌ను 4.7 దగ్గరికి దించి, ఆల్బుమిన్ మొత్తం ఆవేశం సున్నా చేశాక ఇంకా ఎక్కువ అంటుకుంది. అణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవు కాబట్టి దగ్గరదగ్గరగా సర్దుకుంటాయి.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ ఒకే ప్రశ్నతో చెమటలు పట్టించారు. "ఇంత కష్టం దేనికి, పలకకు బ్యాటరీ కలిపితే పోదా?" మైకాలో కరెంటు పారదు సార్ అన్నా. లోహమైతే కలపొచ్చు, కానీ 1.23 వోల్టులు దాటితే నీళ్లే విడిపోవడం మొదలుకావచ్చు, ఉప్పు నీళ్లలో ఆ వోల్టేజీ కూడా ఎక్కువ భాగం పలక పక్కనే ఖర్చైపోతుంది అన్నా. ఆయన తలూపి, బల్ల మీదున్న మైకా ముక్క తీసి కిటికీ వైపు పట్టుకుని చూశారు.

"ఏ కంపెనీదమ్మా?"

"మా మామయ్య ఇచ్చాడు సార్."

వెళ్లేటప్పుడు ఆ ముక్క జేబులో వేసుకుని వెళ్లారు.