తాతగారి పిస్టల్ ఒక్కసారి పేలిస్తే పోయేదేముంది?

నాన్నగారు పోయాక మా ఇంట్లో పొలం గురించి గొడవ రాలేదు, మహారాణిపేట ఇంటి గురించీ రాలేదు, వచ్చిందల్లా అరచేతి కంటే కాస్త పెద్దదైన ఒక పిస్టల్ గురించి. వెబ్లీ అండ్ స్కాట్ అనే ఇంగ్లండ్ కంపెనీ వాళ్ళది, .32 బోరు (అంటే గొట్టం లోపలి వెడల్పు), బర్మింగ్‌హామ్‌లో తయారైంది. ఎవరు ఉంచుకోవాలన్నది కాదు గొడవ (నాకే అని అందరూ అఫిడవిట్ల మీద సంతకాలు పెట్టేశారు), ఒక్కసారైనా పేల్చి చూడాలా వద్దా అని.

బాబాయిది ఒకటే మాట: "పేలని తుపాకీకీ పొత్రానికీ తేడా ఏటిరా?" అనకాపల్లి దగ్గర ఆయన మామిడితోట ఉంది, సాయంత్రం అటు ఎవరూ రారు, నాలుగు రౌండ్లు కాలిస్తే సరదా తీరిపోతుందంటాడు. అది కాదంటే వాళ్ళబ్బాయి పెళ్ళి ఊరేగింపులో గాల్లోకి ఒకటి. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించినప్పుడు ఇలా సంబరానికి కాల్చడాన్ని విడిగా నేరం చేశారు, రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, రెండూ పడినా పడొచ్చు అని చెప్తే "అది నార్త్ వాళ్ళ కోసం పెట్టిందిరా" అని నవ్వేశాడు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి పిస్టల్ అనగానే తాతగారు బర్మాలో పోరాడారనుకుంటారు చాలామంది. అదేం లేదు. విశాఖ పోర్టులో సరుకు దించే కాంట్రాక్టు ఆయనది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బర్ మీద బాంబులు వేసిన రోజు ఆయన అక్కడే ఉన్నారట, ఆ తర్వాత జనం దొరికిన బండి ఎక్కి పల్లెలకు పోతుంటే కూలీల కోసం ఊరూరా తిరిగారట. (అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు. అప్పటి బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఉంది, చూడనివాళ్ళు వెళ్ళి చూడండి.) ఈ పిస్టల్ అప్పట్లో ఒక ఇంగ్లీషు అధికారిది. 1947లో స్వదేశం వెళ్ళిపోతూ తాతగారికి అమ్మాడు, బ్యాంకు నుంచి కూలీల డబ్బు తెచ్చే పని కాబట్టి లైసెన్సూ దొరికింది. ఆయన దాన్ని ఒక్కసారి కూడా కాల్చలేదని నానమ్మ చెప్పేది. నిజంగానే కాల్చలేదో, నానమ్మకు చెప్పలేదో మరి.

అది .32 కావడం మా అదృష్టం. బ్రిటిష్ ఆఫీసర్లు ఎక్కువగా వాడిన .38, .455 రివాల్వర్లయితే మన దేశంలో నిషిద్ధ బోరు కిందికి వస్తాయి, లైసెన్సు ఢిల్లీలో హోంశాఖే ఇవ్వాలి. మాకు సిటీ పోలీస్ కమిషనర్ ఆఫీసుతో సరిపోయింది. లైసెన్సు ఉన్న మనిషి పోతే ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో జమ చేసి, వారసుడు తన పేరు మీద దరఖాస్తు పెట్టుకోవాలి. అసలు 2016 రూల్స్ ప్రకారం తండ్రికి డెబ్బై ఏళ్ళు నిండినా, ఆయన దగ్గర ఆ ఆయుధం పాతికేళ్ళు ఉన్నా, బతికుండగానే బదిలీ చేసుకోవచ్చు. ఇది తెలిసినవాళ్ళు తక్కువ, పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ముందే చూసుకోండి, తర్వాత పడే టెన్షన్ తప్పుతుంది.

ఇక పేల్చడం సంగతి. డీలర్ దగ్గర పాత మెకానిక్ ఒకాయన దాన్ని టేబుల్ మీద పెట్టి, పిడికి కుడివైపు బిగించిన పట్టీ మీద గోటితో తట్టి చూపించాడు. మామూలు పిస్టళ్ళలో చుట్టలు చుట్టిన స్ప్రింగు ఉంటుంది, దీనిలో వి ఆకారంలో వంచిన ఉక్కు పలక, అది పిడిలో ఆ పట్టీ కిందే దాగి ఉంటుంది. గుండు పేలినప్పుడు వెనక్కి దూసుకొచ్చే స్లైడును (పిస్టల్ పైన జారే భాగాన్ని) ఆపి మళ్ళీ ముందుకు నెట్టేది అదే. అది అలిసిపోతే స్లైడు ఫ్రేమును గట్టిగా గుద్దుకుంటుంది, బీట పడితే ఇక అంతే. స్ప్రింగు చూద్దామా అంటే పట్టీ విప్పాలి, పట్టీ వల్కనైట్, అంటే గట్టి రబ్బరు. ఒకప్పుడు నల్లగా ఉండేది ఇప్పుడు కాఫీ రంగుకొచ్చి పెళుసెక్కింది, స్క్రూ దగ్గర వెంట్రుకంత పగులు అప్పుడే కనిపిస్తోంది. కంపెనీ ఈ పిస్టళ్ళు చేయడం ఆపేసి ఎనభై ఏళ్ళు దాటింది, కొత్త పట్టీ ఎక్కడ దొరుకుతుంది?

దానితో పాటు వచ్చిన రేకు డబ్బాలో కైనాక్ అని కంపెనీ పేరు అడుగున అచ్చున్న పాత తూటాలు ఉన్నాయి. బాబాయి కళ్ళు వాటి మీదే. ఆ కాలం తూటాల ప్రైమర్ల (మందును అంటించే చిన్న మూతల) వల్ల కాల్చాక ఒక రకం ఉప్పు మిగులుతుంది, అది చెమ్మ పీల్చుకుని బారెల్ లోపల తుప్పు పట్టిస్తుంది. వైజాగ్ గాలికి వేరే చెమ్మ కూడా కావాలా? వాటిని లెక్క రాయించి డీలర్‌కే అప్పగించేశాను.

ఇంతవరకు అది పాడైంది కాల్చడం వల్ల కాదు, ప్రేమ వల్ల. ప్రతి దసరాకీ ఆయుధపూజలో పెట్టి పసుపు, కుంకుమ అద్దేవారు, తడి గంధం కూడా. స్లైడు మీద వేలి ముద్రంత మచ్చ ఒకటుంది, అక్కడ ఉక్కుకు తుప్పు పట్టకుండా ఉండే నీలి పూత లేచిపోయింది. మిగతా ఏడాదంతా తోలు సంచిలో ఉంచేవారు, తోలు చెమ్మ పట్టుకుంటుందని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు సంచి వేరు, పిస్టల్ వేరు. నూనె గుడ్డతో తుడవడం, పక్కన సిలికా జెల్, పట్టుకునేటప్పుడు గ్లవ్స్. మళ్ళీ నీలి పూత వేయించమని కొందరు చెప్పారు, వేయించను. ఆ కుంకుమ మచ్చ నానమ్మది.

నాకు పిస్టల్ కంటే ముద్దొచ్చింది దాని లైసెన్సు పుస్తకం. ముందు పేజీల్లో మద్రాసు ప్రభుత్వం ముద్ర, తర్వాత 1953 నాటి ఆంధ్ర రాష్ట్రం, 1956 తర్వాత ఆంధ్రప్రదేశ్. ఒకే ఊళ్ళో కదలకుండా కూర్చున్న మనిషి చుట్టూ ఇన్ని రాష్ట్రాలు మారాయి. ఎన్నికలప్పుడల్లా స్టేషన్‌లో జమ చేసి తెచ్చుకున్న రసీదులు కూడా గుండుసూదితో గుచ్చి ఉన్నాయి, ఆ సూదులు తుప్పు పట్టి కాగితానికి ఎరుపు దిగింది, అవి తీసేశాను.

కాబట్టి పేల్చడం లేదు. అలాగని బారెల్‌కు వెల్డింగ్ పెట్టించి పనికిరాకుండా చేయించడమూ లేదు, అలా చేయిస్తే విరిగిన పట్టీ లాగే అదీ వెనక్కి రాదు.

బాబాయి సరదా తీర్చాలి కదా అని మొన్న ఒక షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి ఎయిర్ పిస్టల్ చేతికిచ్చాను, పది మీటర్ల దూరం. బాగానే కొట్టాడు నిజానికి, కోచ్ కుర్రాడు మెచ్చుకున్నాడు కూడా. కారెక్కాక మాత్రం ఒకటే గొణుగుడు, "ఏట్రా ఇది, సౌండే లేదు."