నాన్న, అలోన్సో, ఒక ఓటీపీ: నా అనుభవం

మా నాన్న 2005 నుంచి ఫార్ములా వన్ కారు రేసులు చూస్తున్నారు. ఆ ఏడాది నారాయణ్ కార్తికేయన్ బరిలో దిగాడని, మనవాడు కదా అని టీవీ ముందు కూర్చున్నారు. అదే ఏడాది స్పెయిన్ డ్రైవరు ఫెర్నాండో అలోన్సో తొలి ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఇక నాన్న అతన్ని వదల్లేదు. మల్కాజిగిరిలోని మా ఇంట్లో రేసున్న ఆదివారం రిమోట్ ఆయనదే.

2023 సీజన్ ముందు తెలిసింది, ఇక కేబుల్‌లో రేసులు రావని. ఫార్ములా వన్ వాళ్లు తమ సొంత యాప్ ఎఫ్ వన్ టీవీని మన దేశంలోకి తెచ్చారు. ఆ ఏడాది మధ్యలో ఛానెల్ లేదు, డబ్బు నేరుగా వాళ్లకే కట్టి చూడాల్సి వచ్చింది. అప్పటికి నెల కూడా కాలేదు, ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగి. "మన ఊరికి రేసొచ్చింది, మనింటి టీవీలోంచి పోయిందా?" అన్నారు నాన్న. ఆ మాటకే ఎలాగైనా పెట్టించాలనుకున్నాను.

బహ్రెయిన్‌లో తొలి రేసు మార్చి 5న. ముందురోజు కూర్చుని అకౌంట్ తెరిచాను. నాన్న కార్డు నంబరు కొడితే పేమెంట్ ఫెయిల్. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. బ్యాంకుకు ఫోన్ చేసి చాలాసేపు లైన్లో ఉంటే, కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆపేసి ఉందని చెప్పారు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమమట. కొత్తగా ఇచ్చే కార్డుల్లో దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, లిమిట్ పెట్టి, ఓటీపీ కొట్టాక డబ్బు కట్ అయింది. పని అవగానే దాన్ని మళ్లీ ఆఫ్ చేశాను. మీరూ అలాగే చేయండి.

మాది పాత టీవీ కాబట్టి ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించాను. ఎనిమిదిన్నరకు రేసు.

ఆ యాప్‌లో ఏ డ్రైవరు కారులోని కెమెరా అయినా ఎంచుకోవచ్చు. అలోన్సోది పెట్టాను. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నారు. టీవీ వాళ్లు ఎటు చూపిస్తే అటే చూసిన మనిషి, పద్దెనిమిదేళ్లకు తన డ్రైవరు వెనకే కూర్చున్నట్టు చూశారు. పదో మలుపులో అలోన్సో మరో డ్రైవరు హామిల్టన్‌ను దాటినప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నలభై ఒక్కేళ్ల అలోన్సో మూడో స్థానంలో వచ్చాడు. ఆ ఒక్క రాత్రికే ఏడాది చందా వసూలైపోయింది నాకు.

కానీ ఒక బాధ ఉంది. కేబుల్ అబ్బాయికి నెలనెలా డబ్బులిచ్చి బటన్ నొక్కుకునే పెద్దాయన, ఈ పాస్‌వర్డులూ ఓటీపీలూ దాటి ఒంటరిగా రేసు దాకా రాలేరు. సాయం చేసే పిల్లలు దగ్గర లేని ఇళ్ల సంగతేంటి? అందుకే ల్యాప్‌టాప్ ఆన్ చేయడం నుంచి కెమెరా మార్చడం వరకు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి టీవీ పక్కన అతికించాను.

మార్చి 19న సౌదీలోని జెద్దా రేసుకు నేను విజయవాడలో ఉన్నాను. అర్ధరాత్రి దాటాక నాన్న ఫోన్, అలోన్సోకి వందో పోడియం, అంటే తొలి మూడు స్థానాల్లో నిలవడం వందోసారి అని. కాసేపటికే పెనాల్టీ వేసి లాగేసుకున్నారని ఇంకో ఫోన్. తెల్లారాక మూడోది.

"తిరిగి ఇచ్చేశార్రా! అన్నట్టు, రాత్రి కాగితం చూసి నేనే పెట్టుకున్నాను."