ఏ ట్రేడులో వేయమంటారు మాస్టారూ?

పదో తరగతి రిజల్ట్స్ వచ్చిన వారమంతా మా బడి వరండాలో ఒకటే ప్రశ్న: "మావాణ్ణి ఏ ట్రేడులో వేయమంటారు మాస్టారూ?" ఐటీఐకి పంపాలని ఇంట్లో ఖాయం చేసుకునే వస్తారు. ఫిట్టరా, ఎలక్ట్రీషియనా, వెల్డరా, కోపానా (కంప్యూటర్ ఆపరేటర్ కోర్సు) అన్న దగ్గరే చిక్కు. ఇన్నేళ్లూ నోటికొచ్చిన సలహా ఇచ్చి పంపేవాణ్ణి. చెప్పేది లెక్కలే కదా, ఈసారి సలహా కూడా లెక్క ప్రకారం చెబుదామని ఎక్సెల్ తెరిచాను.

నేను ఎంచుకున్న పద్ధతి పేరు ఏహెచ్‌పీ, అంటే అనలిటిక్ హైరార్కీ ప్రాసెస్. థామస్ సాటీ అనే ఆయన 1970ల్లో తయారుచేశాడు. ఐదు అంశాలు పెట్టుకున్నాను: ఆసక్తి, లెక్కలు సైన్సు మార్కులు, చేతి పనితనం, ఐటీఐకి దూరం, ఖర్చు. రెండేసి అంశాలను ఎదురెదురుగా పెట్టి, ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 లోపు అంకె వేయాలి. ఐదింటికి పది జతలు. వాటి నుంచి ఒక్కో అంశానికి వెయిటేజీ వస్తుంది.

మన మాటలకు పొంతన ఉందో లేదో కూడా అదే పట్టేస్తుంది. అందుకో నిష్పత్తి లెక్కగడతారు, అది 0.10 దాటితే మళ్లీ ఆలోచించుకోమని అర్థం. నాది 0.27 వచ్చింది! చూస్తే, మార్కుల కన్నా ఆసక్తి ముఖ్యమన్నాను. ఖర్చు కన్నా మార్కులు ముఖ్యమన్నాను. కాసేపాగి ఆసక్తి కన్నా ఖర్చు ముఖ్యమన్నాను. మూడూ మనస్ఫూర్తిగా అన్నవే. ఇన్నేళ్లూ ఇచ్చిన సలహాలు తలచుకుని కాస్త సిగ్గేసింది.

పనితనం చూడ్డానికి మాత్రం కంప్యూటర్ అక్కర్లేదు. ప్లగ్గు విప్పి వైర్లు బిగించమన్నాను, రేకు మీద స్కేలుతో గీత గీయమన్నాను. లెక్కల్లో ఎప్పుడూ వెనకబడే కుర్రాడు నాలుగు నిమిషాల్లో ప్లగ్గు బిగించి నా చేతిలో పెట్టాడు.

తర్వాత దూరం దగ్గర షీటు మొరాయించింది. దూరం తక్కువైతే మార్కు ఎక్కువ రావాలి కాబట్టి, అన్నిటికన్నా తక్కువ దూరాన్ని ఆ ట్రేడు ఉన్న ఐటీఐ దూరంతో భాగించే సూత్రం రాశాను. ఒకబ్బాయి ఇల్లు ఐటీఐ గోడ పక్కనే. దూరం గడిలో నిజాయితీగా సున్నా వేశాడు. సున్నాని సున్నాతో భాగించలేనని ఒక గడిలో ఎర్రర్, మిగతా ట్రేడులన్నిటికీ సున్నా. అరపూట వెతికి పట్టుకున్నాను. కనీస దూరం 1 కిలోమీటరుగా పెట్టాక దారికొచ్చింది.

ఆ ప్లగ్గు కుర్రాడికి ఎలక్ట్రీషియన్ 0.81, ఫిట్టర్ 0.79, వెల్డర్ 0.70 వచ్చాయి. కాగితం చూసి, "ఏడాదిలో అయిపోయేది చెప్పండి మాస్టారూ, నాన్న కాలు విరిగి ఇంట్లోనే ఉన్నాడు" అన్నాడు. మొదటి రెండూ రెండేళ్ల కోర్సులు, వెల్డర్ ఒక్క ఏడాది. కోర్సు కాలం అనే గడే పెట్టలేదు నేను! ఆరో అంశం చేర్చేసరికి జతలు పదిహేనయ్యాయి. అందరికీ ఒకే వెయిటేజీ వేస్తే, తొందర లేని పిల్లలకు కూడా ఏడాది కోర్సులే పైకొచ్చాయి. చివరికి ఆ ఒక్క వెయిటేజీ ఇంటింటినీ అడిగి విడివిడిగా వేశాను. ఆ కుర్రాడు వెల్డర్‌లో చేరాడు.

ఒకమ్మాయికి ఎలక్ట్రీషియన్ మొదట వచ్చింది. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "ఆడపిల్లకి కరెంటు పని ఎందుకండీ, కోపా అయితే నీడపట్టున ఉంటుంది." నేను ఎంత చెప్పినా విననావిడ, ప్రింటు మీద 0.84 చూసి, "కంప్యూటరే చెప్పిందాండీ?" అంది.

"అవునమ్మా" అన్నాను. ఆవిడ కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. ఆ 0.84లో పెద్ద వాటా, ఆసక్తి గడిలో కూతురు స్వయంగా రాసుకున్న 9దేనని చెప్పబోయి ఊరుకున్నాను.