పని మాత్రమే కాదు, నిర్ణయమూ పిల్లలదే కావాలి

వీధి బాగు కోసం చేసే పనుల్లో పెద్దవాళ్లు అంతా ముందే అనుకుని, పిల్లల చేతికి చీపుర్లు ఇచ్చి, ఫోటోలు తీసి పంపించేస్తే పద్నాలుగు, పదిహేనేళ్ల వాళ్లు రెండోసారి రారు. దాన్ని బద్ధకం అంటే నేను ఒప్పుకోను. పిల్లల భాగస్వామ్యం మీద పరిశోధన చేసిన రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాసిన వ్యాసంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. పిల్లల్ని అలంకారానికి నిలబెట్టడం కింది మెట్లలో ఒకటి, దాన్ని ఆయన భాగస్వామ్యం కిందే లెక్కపెట్టలేదు. అన్నిటికన్నా పై మెట్టులో పని మొదలుపెట్టేది పిల్లలు, నిర్ణయాలు పెద్దలతో కలిసి. పెద్దలు తప్పుకోరన్నమాట. నాకు నచ్చింది అదే.

మా వీధిలో దోమల పని అలాగే మొదలైంది. పెద్దవాళ్లం పొగ కొట్టించమని అడుగుదాం అన్నాం. మా అమ్మాయీ, దాని స్నేహితులూ ఒప్పుకోలేదు. పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది, నిలవ నీళ్లలో పిల్లపురుగులు అలాగే ఉంటాయి అన్నారు. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. అందుకే వారం వారం నీళ్లు పారబోయాలి. గుడ్లు తడి లేకుండా కూడా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి లోపలి అంచులు రుద్ది కడగాలి.

ఏ రోజు తిరగాలి, గుమ్మం దగ్గర ఏం చెప్పాలి అన్నది పిల్లలే తేల్చుకున్నారు. ఒక్కో జట్టుతో ఒక తల్లో తండ్రో వెళ్లారు. మేడలూ ట్యాంకులూ పెద్దవాళ్లకే. ఏ ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దావిడ తొట్టి ఎత్తలేదో తెలిసిందీ మాకే. మాకు కష్టమైంది మాట్లాడకుండా నిలబడడం. ఒకాయన ప్రతి గుమ్మం దగ్గరా కొడుకు బదులు తనే మొదలుపెడుతుంటే, “నాన్నా, నేను చెప్తాను” అన్నాడా అబ్బాయి. ఆయన ఆగారు.

గొడవ కూడా అయింది. పురుగులు కనబడిన ఇళ్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పెడదామన్నారు పిల్లలు. అలా చేస్తే మళ్లీ తలుపు తీయరని మేము. చాలాసేపు వాదించుకున్నాక ఇళ్ల పేర్లు వదిలేసి, నీళ్లు ఎక్కడ నిలిచాయో అదొక్కటే రాద్దామన్నారు వాళ్లే. మొక్కల కుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే ఎక్కువసార్లు వచ్చాయి. తాళం వేసిన ఇళ్ల యజమానులకు ఫోన్లు చేసింది మేమే.

ఇప్పుడు పరీక్షలు. వాటి టెన్షన్ వాళ్లకు చాలు, తిరగడం మా వంతు. నీళ్లు ఎక్కడ నిలిచాయో రాసే పట్టిక మాత్రం వాళ్లు గీసిందే, వాళ్ల పద్ధతిలోనే నింపుతున్నాం.