మణిపూర్ రోడ్డు రోడ్డు కాదు

పొద్దున కాఫీ తాగుతూ స్వాతంత్ర్యానికి ముందునాటి రైల్వే పటం చూస్తున్నాను. అస్సాం వైపు ఒక స్టేషను పేరు దగ్గర చూపు ఆగిపోయింది: మణిపూర్ రోడ్. ఇప్పటి దిమాపూర్ స్టేషనుకు పాత పేరు అదే.

"మా నాన్న మణిపూర్ రోడ్డు దాకా నడిచాడు" అని నాయనమ్మ చెప్పినప్పుడల్లా కొండల మధ్య సాగే పొడవాటి బాటను ఊహించుకునేదాన్ని. అది బాట కాదు. ముత్తాత నడక ముగిసి, రైలెక్కిన చోటు. వెంటనే తమ్ముడికి ఫోను చేశాను. ముత్తాత మీద మేం తీయబోయే సినిమాకు కెమెరా పని వాడిదే. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "అయితే అక్కా, మన సినిమా మొదలయ్యేది అక్కడే" అన్నాడు.

ముత్తాత పలాస దగ్గరి పల్లె నుంచి ఒక మేస్త్రీ వెంట రంగం వెళ్ళాడు. బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్‌ను మావాళ్ళు ఇప్పటికీ రంగమే అంటారు. రేవులో మూటలు మోశాడు, బియ్యం మిల్లులో పనిచేశాడు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ నగరంపై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరమే వాళ్ళ చేతికి పోయింది. ఓడలో చోటు దొరకని లక్షల మంది కాలినడకన బయలుదేరారు. కలేవా, టాము, పాలేల్, ఇంఫాల్ ఊళ్ళ మీదుగా. ఎందరినో దారిలోనే కలరా, మలేరియా మింగేశాయి. ఆ దారుల్లోనూ తెల్లవారికి ఒక మర్యాద, మనవాళ్ళకు మరొకటి. ఇది చదివిన ప్రతిసారీ నాకు కడుపు మండుతుంది.

ఆ నడకనే చిత్రీకరించాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. కానీ 2021లో మయన్మార్ సైనిక తిరుగుబాటు తరువాత సరిహద్దుకు అవతల యుద్ధం నడుస్తోంది. ఇవతల మణిపూర్‌లో 2023 మే నుంచి జనం నలిగిపోతున్నారు. వాళ్ళ కష్టం మధ్యలోకి కెమెరా పట్టుకుని మా కథ కోసం వెళ్ళడం నాకు సమ్మతం కాదు. అందుకే ఈ చలికాలం దిమాపూర్ నుంచి ఇంటివైపు వస్తాం. అప్పట్లో బ్రహ్మపుత్ర మీద రైలు వంతెన లేదు. సరాయ్‌ఘాట్ వంతెన వచ్చింది 1962లో. అంతవరకు గువాహటి దగ్గరి పాండు రేవులో రైలు దిగి, పడవలో అవతలి అమీన్‌గావ్‌కు చేరి, మళ్ళీ రైలెక్కాలి. ఆ రేవు దగ్గర ఒక పూటంతా ఉండాలని తమ్ముడికి చెప్పాను.

మరి నడక మాటేమిటి? నటులను పెట్టి తీద్దామని మొన్నటిదాకా వాడు పట్టుబట్టాడు. మధ్యాహ్నం నాయనమ్మను కూర్చోబెట్టి, కెమెరా లేకుండా, మాటలు మాత్రమే రికార్డు చేశాం. ఆయన తిరిగి వచ్చేనాటికి ఆమెకు ఆరేళ్ళు. ఆవకాయ కాయలు తరుగుతున్న రోజులట.

"ముఖం గుర్తు లేదమ్మా. గడ్డం చూసి భయపడి అమ్మ వెనక దాక్కున్నాను. కాళ్ళు మాత్రం గుర్తున్నాయి. అమ్మ వేడినీళ్ళలో పెట్టి కడుగుతుంటే గోళ్ళు లేవు. చేతిలో మరచెంబు ఒక్కటే ఉంది. ఇనప్పెట్టె ఎక్కడని ఎవరూ అడగలేదు."

తమ్ముడు హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టాడు. నటుల ప్రసక్తి మళ్ళీ తేలేదు. నడక భాగానికి నాయనమ్మ గొంతు, ఆ మరచెంబు చాలు.

సాయంత్రం పనుల జాబితా రాసుకున్నాను. బయటివాళ్ళు నాగాలాండ్‌లోకి వెళ్ళడానికి తీసుకోవాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ దిమాపూర్‌కూ కావాలి. దరఖాస్తుకు మా ఇద్దరి ఫొటోలు రేపు తీయించాలి. తొంభైకి దగ్గరపడిన నాయనమ్మ పక్క గదిలోంచి అంతా వింటూనే ఉంది.

"నాదీ ఒకటి తీయించండి" అంది.